వీడియో తెరిచే ముందు ఇంటివాళ్లను అడగాలి

బడి వెబ్‌సైటు ఇప్పుడు నోటీసు బోర్డు స్థానంలోకి వచ్చింది. సెలవుల జాబితా, ప్రవేశాల ప్రకటన, పరీక్షల తేదీలు, వార్షికోత్సవం ఫొటోలు అన్నీ అక్కడే పెడుతున్నారు. తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మన బడులకు ఈ వెబ్‌సైటుతో ఇంకో అవసరం కూడా ఉంది. తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉన్నచోట, వాచకం ఆలస్యంగా అందినచోట, పద్యం ఎలా చదవాలో వినిపించే మనిషి లేనిచోట యూట్యూబ్‌లో దొరికే తెలుగు పాఠాలే ఆసరా. వాటిని తెచ్చి బడి పేజీలోనే పెడితే పిల్లలకు వెతుక్కునే బాధ తప్పుతుంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, సోలాపూర్‌లోనైనా, యానాంలోనైనా పిల్లల మేలు కోరే ఏ టీచరైనా ఇలాగే ఆలోచిస్తారు.

అయితే ఆ వీడియో బడి పేజీలో కనిపిస్తున్నా బడిది కాదు. దాన్ని పంపేది యూట్యూబ్. బడికి దారి చూపే పటం గూగుల్ మ్యాప్స్‌ది. ఇదివరకు పక్కనే ఉండే లైక్ బటన్ ఫేస్‌బుక్‌ది. ప్రవేశాల దరఖాస్తు ఒక్కోచోట గూగుల్ ఫారం. ఇలా బయటి సంస్థల సరుకును మన పేజీలో పొదిగినప్పుడు, ఆ పేజీ తెరిచిన ప్రతి ఇంటి సమాచారం కొంత ఆ సంస్థలకు చేరుతుంది. వీడియో చూసినా, చూడకపోయినా చేరుతుంది. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ సరుకు లోడ్ అయ్యే ముందు ఇంటివాళ్లను అడగాలి. మన బడుల్లో తెలుగులో అడగాలి. వాళ్లు సరేనన్నాకే అది తెరుచుకోవాలి.

పేజీ తెరవగానే ఏం జరుగుతుంది?

ఒక తల్లి పరీక్షల తేదీ చూసుకుందామని ఫోనులో బడి వెబ్‌సైటు తెరిచిందనుకుందాం. ఆ పేజీ కింది భాగంలో ఒక పద్యపాఠం వీడియో పొదిగి ఉంది. బడి సర్వరు నుంచి వచ్చిన పేజీలో 'ఇక్కడ ఫలానా వీడియోను యూట్యూబ్ నుంచి తెచ్చి పెట్టు' అనే ఆదేశం ఉంటుంది. బ్రౌజరు ఆ ఆదేశం చూడగానే, ఆమెను ఒక్క మాట అడగకుండా, నేరుగా గూగుల్ సర్వరుకు కబురు పంపుతుంది. ఆ కబురుతోపాటు ఆమె ఇంటర్నెట్ కనెక్షను ఐపీ చిరునామా, బ్రౌజరు ఏది, ఫోను ఏ రకం, ఏ భాష సెట్టింగు పెట్టుకుంది, ఏ వెబ్‌సైటు నుంచి వస్తోంది అనే వివరాలు వెళ్తాయి. మామూలుగా పొదిగిన వీడియో అయితే, దాన్ని నొక్కకముందే ఇదంతా జరిగిపోతుంది.

అదే బ్రౌజరులో ఆమె తన జీమెయిల్ తెరిచి ఉంచితే ఇంకో మెట్టు ఉంది. గతంలో ఆ ఫోనులో పెట్టిన కుకీలు, అంటే ఆ ఫోనును మళ్లీ గుర్తుపట్టేందుకు పెట్టే చిన్న గుర్తులు, ఆ కబురుతోపాటు వెళ్లవచ్చు. సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఇలా బయటి సంస్థల కుకీలతో వెంబడించడాన్ని చాలావరకు అడ్డుకుంటాయి. క్రోమ్ తన మామూలు సెట్టింగుల్లో అడ్డుకోదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే పెట్టి వచ్చేది క్రోమే.

ఇందులో మన ఇళ్లకు ప్రత్యేకంగా తగిలే సంగతులు రెండున్నాయి. మొదటిది, చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే. నాన్న పనికి వెళ్లి వచ్చాక అదే ఫోనులో పిల్లలు పాఠం చూస్తారు. నాన్న ఖాతా కింద పిల్ల చదువూ, పిల్ల చదువు కింద నాన్న ఖాతా కలిసిపోతాయి. రెండోది, మన బడి వెబ్‌సైటు పేరే ఒక సమాచారం. కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో ఉన్న ఒక ఫోను తెలుగు బడి పేజీని రోజూ తెరుస్తోందంటే, ఆ ఇంట్లో తెలుగు చదివే పిల్లలున్నారని ఎవరైనా ఊహించగలరు. అది దాచుకోవలసిన విషయమని మేం అనడం లేదు. మన భాష ఏమిటో మనం గర్వంగానే చెప్పుకుంటాం. కానీ ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ ఇంటిది.

డబ్బు లెక్క కూడా ఉంది. పొదిగిన ఒక్కో వీడియో, ఆడకముందే, తన సరంజామా కోసం వందల కిలోబైట్ల డేటా లాగుతుంది. పరీక్ష తేదీ కోసం వచ్చిన తల్లికి అందులో ఒక్క బైటూ పనికిరాదు. సిగ్నలు సరిగా అందని ఊళ్లో ఆ భారానికి పేజీయే తెరుచుకోక ఆమె విసిగిపోతుంది. వీడియో స్థానంలో ఒక చిన్న బొమ్మ పెట్టి, నొక్కినప్పుడే వీడియో వచ్చేలా చేస్తే గోప్యతతోపాటు డేటా కూడా మిగులుతుంది.

ఐరోపా కోర్టులు ఏమన్నాయి?

'సమాచారం తీసుకుంటున్నది గూగులో ఫేస్‌బుక్కో అయితే బడికి ఏం సంబంధం?' అని కొందరు అడగవచ్చు. సరిగ్గా ఇదే ప్రశ్న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం ముందుకు వచ్చింది. జర్మనీలో ఫ్యాషన్ ఐడీ అనే బట్టల దుకాణం తన వెబ్‌సైటులో ఫేస్‌బుక్ లైక్ బటన్ పొదిగింది. పేజీ తెరిచినవాళ్లు బటన్ నొక్కకపోయినా, వాళ్లకు ఫేస్‌బుక్ ఖాతాయే లేకపోయినా, వాళ్ల సమాచారం ఫేస్‌బుక్‌కు వెళ్తోందని అక్కడి వినియోగదారుల సంఘం కేసు వేసింది. 2019 జులై 29న తీర్పు వచ్చింది. సమాచారాన్ని సేకరించి పంపే మేరకు దుకాణం కూడా ఫేస్‌బుక్‌తో కలిసి బాధ్యురాలేనని, ఆ మేరకు ముందుగా తెలియజేయడం, సమ్మతి అవసరమైనచోట తీసుకోవడం దుకాణం పనేనని కోర్టు తేల్చింది. ఆ తర్వాత ఫేస్‌బుక్ సొంతంగా ఆ సమాచారంతో చేసేదానికి దుకాణం బాధ్యత లేదని కూడా చెప్పింది.

ఈ తీర్పు గీసిన గీత న్యాయమైనదని మా అభిప్రాయం. లోపలికి వచ్చినవాడు చేసే ప్రతి పనికీ ఇంటి యజమానిని తప్పుపట్టలేం. తలుపు తీసిన బాధ్యత మాత్రం యజమానిదే. బడి పేజీలో ఆ తలుపు తీస్తున్నది బడే.

అక్కడ అదే ఏడాది అక్టోబరు 1న ఇంకో తీర్పు వచ్చింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా చెప్పుకోవడం కుదరదని ప్లానెట్ 49 కేసులో కోర్టు స్పష్టం చేసింది. అంటే ఒప్పుకోలు తెలపాల్సింది వాడేవాడే. వాడి తరఫున ముందే ఒప్పేసుకోవడం చెల్లదు.

మన తెలుగు వెబ్‌సైట్లకు దగ్గరగా ఉన్న కేసు మరొకటి ఉంది. 2022 జనవరిలో మ్యూనిక్‌లోని ఒక కోర్టు, గూగుల్ సర్వరు నుంచి అక్షరాల ఫాంట్లు తెచ్చుకున్న వెబ్‌సైటు వల్ల తన ఐపీ చిరునామా గూగుల్‌కు చేరిందని ఫిర్యాదు చేసిన వ్యక్తికి 100 యూరోలు చెల్లించమంది. ఆ ఫాంట్లను సొంత సర్వరులోనే పెట్టుకోవచ్చు కదా అన్నది కోర్టు తర్కం. గిడుగు, సూరన్న, పెద్దన, ధూర్జటి, మండలి వంటి పేర్లున్న అందమైన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటి లైసెన్సు వాటిని దించుకుని సొంత సర్వరులో పెట్టుకోవడానికి ఒప్పుకుంటుంది. కాబట్టి తెలుగు అక్షరం అందంగా కనిపించడానికి ఇంటింటి చిరునామానూ బయటికి పంపాల్సిన అవసరం లేదు. వెబ్‌సైటు చేసేవాళ్లకు ఇది కాసేపటి పని.

'అడిగాకే తెరవడం' కొత్త ఊహ కూడా కాదు. జర్మనీలోని హైజే అనే సాంకేతిక వార్తల సంస్థ 2011లోనే తన పేజీల్లో రెండు నొక్కుల పద్ధతి పెట్టింది. మొదట కనిపించేది బటన్ బొమ్మ మాత్రమే. మొదటి నొక్కుతో అది పనిచేయడం మొదలుపెడుతుంది. రెండో నొక్కుతో లైక్ వెళ్తుంది. మొదటి నొక్కు పడేదాకా ఫేస్‌బుక్‌కు ఏ కబురూ వెళ్లదు. ఈ పద్ధతి వచ్చి పుష్కరం దాటింది.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి, పిల్లల డేటా వంటి ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి ఆ నోటిఫికేషను 18 నెలల గడువు ఇచ్చింది. బడులు సిద్ధం కావడానికి ఉన్న సమయం అదే.

ఈ చట్టంలో తల్లిదండ్రులు, టీచర్లు గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు. ఒకటి, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఫలానా పనికని స్పష్టంగా ఉండాలి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, షరతులు లేకుండా ఉండాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడానికి వీల్లేదు. రెండు, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలి. మూడు, 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుల నుంచి, నిర్ధారించుకోదగిన సమ్మతి తీసుకోవాలి. నాలుగు, పిల్లలను వెంబడించి గమనించడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే అధికారం చట్టంలో ఉంది. ఊరి బడికి అంత జరిమానా పడుతుందని ఎవరినీ భయపెట్టడం మా ఉద్దేశం కాదు. పార్లమెంటు ఈ విషయాన్ని ఎంత బరువుగా తీసుకుందో ఆ అంకె చెబుతుంది.

విద్యాసంస్థలకు నియమాల్లో కొంత మినహాయింపు ఉన్న మాట నిజం. బడి తన చదువు పనుల కోసం, పిల్లల భద్రత కోసం వాళ్లను గమనించుకోవచ్చు. హాజరు వేయడానికో, మార్కులు నమోదు చేయడానికో ప్రతిసారీ ఇంటికి చీటీ పంపనక్కర్లేదు. అయితే మా అవగాహనలో ఆ మినహాయింపు బడికీ, బడి పనికీ మాత్రమే. బడి పేజీలో పొదిగిన వీడియో ద్వారా ఒక ప్రకటనల సంస్థకు చేరే సమాచారానికి దాన్ని చాచడం న్యాయం కాదు.

పెద్ద సంస్థలు పిల్లల విషయంలో వాటంతటవే జాగ్రత్త పడతాయని నమ్మడానికి చరిత్ర ఒప్పుకోదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల సమాచారం సేకరించారన్న ఆరోపణపై గూగుల్, యూట్యూబ్ 2019 సెప్టెంబరులో అమెరికాలో 17 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా ఆన్‌లైన్ చదువుల యాప్‌లను, వెబ్‌సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022 మేలో నివేదిక ఇచ్చింది. వాటిలో దాదాపు 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే రీతిలో డేటాను వాడుతున్నట్టు తేల్చింది. ప్రభుత్వం చెప్పింది కదా, అందరూ వాడుతున్నారు కదా అన్న ధీమా సరిపోదని ఆ నివేదిక చూపించింది.

తెలుగులో అడగడం మన హక్కు

ఈ చట్టంలో భాషాపరమైన అల్పసంఖ్యాకులకు అన్నిటికన్నా విలువైన వాక్యం ఒకటుంది. దాని గురించి మన సభల్లో చర్చ జరగాలి. సమ్మతి కోరే ప్రతి అభ్యర్థననూ స్పష్టమైన, సులభమైన భాషలో ఉంచాలని, దాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలని ఆరో సెక్షను చెబుతోంది. ఆ షెడ్యూలులోని 22 భాషల్లో తెలుగు ఒకటి. రాష్ట్రం ఏదన్న ప్రస్తావన అక్కడ లేదు. అంటే కోలారులో ఉన్నా, కృష్ణగిరిలో ఉన్నా, రాయగడలో ఉన్నా, చంద్రపూర్‌లో ఉన్నా మనకు తెలుగులో అడిగే బాధ్యత వాళ్లది.

మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో అది రాజ్యాంగంలోకి వచ్చింది. అది అమలు కావడానికి టీచరు పోస్టు కోసం, పుస్తకం కోసం, పరీక్ష పత్రం కోసం మన పెద్దలు ఎన్ని అర్జీలు పెట్టారో, ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరిగారో మనకు తెలుసు. కాగితం మీది హక్కు అడిగినవాళ్లకే దక్కుతుందని మన సమాజాల అనుభవం. డేటా చట్టంలోని ఈ భాషా హక్కు కూడా అంతే. ఇప్పటినుంచే అడగకపోతే రేపు అన్ని సమ్మతి పత్రాలూ ఇంగ్లీషులోనో ఆ రాష్ట్ర భాషలోనో మాత్రమే కనిపిస్తాయి. మనవాళ్లు అర్థం కాకుండానే 'సరే' నొక్కుతారు.

ఇతరులను అడిగే ముందు మన బడులు ఆ పని చేసి చూపాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. మన ఇళ్లలో చాలామంది తల్లులు, తండ్రులు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ రాత మాత్రం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో నేర్చుకున్నారు. వాళ్లకు తెలుగు అక్షరాల్లో పెట్టిన చీటీ కూడా అడ్డుగోడే. అందువల్ల బడి ఆ నోటీసును తెలుగులోనూ స్థానిక భాషలోనూ పక్కపక్కనే ఉంచాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఒకసారి పైకి చదివి వినిపించాలి. చెవికి తెలిసిన తెలుగులో వింటే ఎంతటి సాంకేతిక విషయమైనా అర్థమవుతుంది.

'ఎలాగూ చూస్తున్నారు కదా'

ఈ మాట అనగానే వచ్చే ఆక్షేపణలు మాకు తెలుసు. పిల్లలు ఇంట్లో గంటల తరబడి యూట్యూబ్ చూస్తూనే ఉన్నారు, బడి పేజీలో ఒక్క వీడియోకు ఇంత గొడవ ఎందుకు అంటారు. ఇంట్లో చూసేది ఇంటి నిర్ణయం. మంచో చెడో తల్లిదండ్రులకు తెలిసి జరుగుతుంది. బడి పేజీ విషయం వేరు. తల్లిదండ్రులు బడిని నమ్మి ఆ పేజీ తెరుస్తారు. సంతలో పిల్లవాడు ఏదో కొనుక్కుని తిన్నాడని, బడిలో మధ్యాహ్న భోజనం సరుకు చూసుకోకుండా వండుతామా?

'అడిగితే విసుక్కుంటారు' అనేది రెండో ఆక్షేపణ. ఇందులో నిజం ఉంది. ఐరోపా వెబ్‌సైట్లలో పేజీ తెరవగానే తెర నిండా కుకీల ప్రకటన వచ్చి పడుతుంది. చదివే ఓపిక లేక జనం 'అన్నీ ఒప్పుకుంటున్నాను' నొక్కేస్తారు. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి నాలుగు నొక్కులు పెట్టే తెలివితేటలు కూడా అక్కడ నడిచాయి. అలా చేసినందుకు ఫ్రాన్స్ డేటా పర్యవేక్షణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. అందుకే మేం గుమ్మం దగ్గరే అన్నిటికీ ఒకేసారి అడగమనడం లేదు. వీడియో ఉన్న చోటే, వీడియో కావాల్సినప్పుడే అడగాలి. పద్యపాఠం కావాలనుకున్న తల్లికి ఎందుకు అడుగుతున్నారో అక్కడ వెంటనే తెలుస్తుంది. పరీక్ష తేదీ కోసం వచ్చిన తల్లికి ఆ ప్రశ్నే ఎదురుకాదు. సందర్భంలో అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఆలోచించి వస్తుంది.

'యూట్యూబ్‌లోనే నోకుకీ అనే పద్ధతి ఉంది, అది పెడితే చాలదా?' అని వెబ్‌సైటు చేసేవాళ్లు అడుగుతారు. మామూలు పద్ధతికన్నా అది మేలే. కానీ అందులోనూ పేజీ తెరవగానే బ్రౌజరు గూగుల్ సర్వరు దగ్గరికే వెళ్తుంది. ఐపీ చిరునామా చేరుతుంది. దాన్ని అడిగే పద్ధతికి తోడుగా పెట్టుకోవాలి గానీ, అడగడం మానేయడానికి సాకుగా వాడకూడదు.

'మా బడికి కంప్యూటరు టీచరే లేరు' అనేది చివరి మాట, అన్నిటికన్నా నిజమైన మాట. అందుకే కింద చెప్పేవన్నీ ఖర్చు లేనివి, లేదా వెబ్‌సైటు చేసిన వ్యక్తికి ఒక్కపూట పని.

బడి చేయగలిగినవి

పొదిగిన వీడియో తీసేసి, ఆ స్థానంలో ఒక బొమ్మ పెట్టాలి. ఆ బొమ్మను బడి సర్వరులోనే ఉంచాలి. యూట్యూబ్ నుంచే బొమ్మ తెచ్చుకుంటే బ్రౌజరు మళ్లీ అటే వెళ్తుంది, చేసిన పని వృథా అవుతుంది. బొమ్మ కింద తేలిక తెలుగులో ఇలా రాయవచ్చు: 'ఈ పాఠం వీడియో యూట్యూబ్‌లో ఉంది. చూపించు అని నొక్కితే మీ ఫోను గూగుల్ సంస్థ సర్వరుతో కలుస్తుంది. మీ ఐపీ చిరునామా, మీరు మా బడి పేజీ నుంచి వచ్చారన్న సంగతి వాళ్లకు తెలుస్తాయి. వాళ్లు మీ ఫోనులో కుకీలు పెట్టవచ్చు. వద్దనుకుంటే పాఠం సారాంశం కింద ఉంది, చదువుకోండి.' దాని కింద 'చూపించు', 'వద్దు' అనే రెండు బటన్లు ఒకే సైజులో, ఒకే రంగులో ఉండాలి.

ఆ సారాంశం నిజంగా ఉండాలి. వద్దన్న ఇంటి పిల్లలకు పాఠమే లేకుండా పోతే అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అనిపించుకోదు. పద్యమూ తాత్పర్యమూ టైపు చేసి పెట్టవచ్చు. టీచరు తన గొంతుతో పద్యం చదివి చిన్న ఆడియోగా బడి సర్వరులో ఉంచవచ్చు. మన యాసలో మన టీచరు చదివిన పద్యం పిల్లలకు ఇంకా దగ్గరగా ఉంటుంది.

పటం స్థానంలో దారి గుర్తులు రాసిన బొమ్మ, దాని కింద పటానికి లింకు చాలు. లింకు నొక్కేదాకా సమాచారం ఎక్కడికీ పోదు. పాత లైక్ బటన్ ఇంకా పేజీలో ఉంటే దాన్ని తీసేసి, బడి ఫేస్‌బుక్ పేజీకి మామూలు లింకు ఇవ్వవచ్చు. ప్రవేశాల దరఖాస్తును గూగుల్ ఫారంగా పొదగడం మానాలి. మాతృభాష, కులం, ఇంటి ఆదాయం వంటివి అడిగే ఆ కాగితం బడి కార్యాలయంలో ఉండటమే మంచిది. వార్షికోత్సవంలో పిల్లలు ఆడిపాడిన వీడియోలను యూట్యూబ్‌లోకి ఎక్కించాలంటే దానికి వేరుగా అడగాలి.

పేజీలో 'చూపించు' నొక్కడం ఒక్కటే చట్టం కోరే తల్లిదండ్రుల సమ్మతికి సమానం కాదు. ఎందుకంటే నొక్కింది ఎనిమిదో తరగతి పిల్లవాడు కావచ్చు. ఆ బొమ్మ, ఆ బటన్ చేసే పని బయటివాళ్లను గుమ్మం దగ్గర ఆపడం. అసలు సమ్మతిని ప్రవేశాల సమయంలోనే, తెలుగులోనూ స్థానిక భాషలోనూ రాసిన ఒక్క పేజీ కాగితం మీద, తల్లిదండ్రులకు వివరించి తీసుకోవాలి. ఆ కాగితంలోనే, మనసు మారితే ఎవరికి చెప్పాలో కూడా రాయాలి.

మన పేజీ నుంచి ఎవరెవరికి కబురు వెళ్తోందో తెలుసుకోవడం కష్టం కాదు. కంప్యూటరులో క్రోమ్ తెరిచి బడి వెబ్‌సైటుకు వెళ్లి, కీబోర్డు మీద ఎఫ్ 12 నొక్కి, నెట్‌వర్క్ అనే విభాగంలోకి వెళ్లి పేజీని మళ్లీ లోడ్ చేస్తే వరుసగా పేర్లు కనిపిస్తాయి. వాటిలో బడి వెబ్‌సైటుది కాని ప్రతి చిరునామా బయటి సంస్థదే. తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పీరియడ్‌లో ఈ పని చేయించవచ్చు. ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం ఉండదు. దొరికిన పేర్ల జాబితా పిల్లల చేతే తెలుగులో రాయించి నోటీసు బోర్డులో పెడితే ఇంకా మంచిది.

తల్లిదండ్రులకు మేం చెప్పేది కూడా కొంచెమే. వచ్చే సమావేశంలో, పాఠశాల యాజమాన్య కమిటీ ఉన్నచోట కమిటీలో, మూడు ప్రశ్నలు అడగండి. మన బడి పేజీ తెరిస్తే మా ఫోను సమాచారం ఎవరికి వెళ్తోంది? మమ్మల్ని అడిగే ఏర్పాటు ఉందా? ఆ అడగడం తెలుగులో ఉందా? టీచర్లను నిలదీయడానికి అడగొద్దు. వాళ్లు లేని వనరులతో నెట్టుకొస్తున్నారు. కలిసి సరిచేసుకోవడానికి అడగండి. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఈ పనికి ఒక ఆదివారం ఇవ్వలేనివాళ్లు కారు.

బడిలోకి కొత్త మనిషి ఎవరైనా వస్తే ముందు ఆఫీసు గదికి వెళ్లి, పని ఏమిటో చెప్పి, అనుమతి తీసుకుని పిల్లల దగ్గరికి వెళ్లాలన్నది మన బడులన్నిటిలో ఉన్న నియమమే. అదే నియమాన్ని బడి వెబ్‌సైటుకు కూడా పెట్టమని మా విన్నపం. వచ్చే ఏడాది ప్రవేశాల ఫారాలు అచ్చుకు పంపే ముందే ఈ మార్పు చేసుకుంటే, చట్టం గడువు వచ్చేసరికి మన బడులు ఇతర బడులకు చూపించదగినట్టుగా ఉంటాయి.